ఇంట్లో థిన్నరు సీసా: తెలుసుకొనవలసిన కొన్ని సంగతులు

2012 సెప్టెంబరు 5వ తేదీ, ఉపాధ్యాయ దినోత్సవం. పిల్లలు తెచ్చి ఇచ్చిన పూలు నా బల్లపై వాడిపోకముందే శివకాశి దగ్గరి ముదలిపట్టి బాణసంచా కర్మాగారంలో పేలుడు జరిగిందన్న వార్త వచ్చింది. ముప్పై మందికి పైగా ఆ రోజున ప్రాణాలు కోల్పోయారు. అప్పటినుండి మన ప్రాంతంలో టపాకాయల మందు అన్న మాట వింటేనే తల్లులు పిల్లలను దగ్గరకు లాక్కొంటారు. ఆ భయం మంచిదే. కాని అదే ఇంట్లో, మంచం కింద, పాత నీళ్ళ సీసాలో అర లీటరు థిన్నరు ఉంటే దానిని చూసి ఎవరూ భయపడరు. ఈ వ్యాసం ఆ సీసాను గురించినది.

విరుదునగరం, శివగంగ, రామనాథపురం జిల్లాలు మూడూ కలిసే అంచున నరికుడి ఉన్నది. వాన కురిస్తే మిరప, ప్రత్తి. కురవకపోతే సీమతుమ్మ కొట్టి బొగ్గు కాల్చడం, లేదా పొరుగూరికి పనికి పోవడం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పనిచోట రెండూ కలిసిన భాష మాట్లాడే మన కుటుంబాలలో నుండి ఎందరో శివకాశి అచ్చుయంత్రశాలలకూ, అరుప్పుకోట, కోవిల్‌పట్టి వైపు లారీ షెడ్లకూ, రంగుల పనికీ, వడ్రంగపు పాలిష్ పనికీ వెళ్తున్నారు. ఈ పనులన్నిటిలోనూ ఏదో ఒక ద్రావణి లేనిదే దినం గడవదు. అచ్చుయంత్రపు రోలర్లను, రబ్బరు బ్లాంకెట్లను కడగడానికి ఒకటి, తలుపులకు కొట్టే రంగును పలుచన చేయడానికి ఇంకొకటి, బోరుబావి ప్లాస్టిక్ గొట్టాలను అతికించే జిగురులో మరొకటి. పేరు ఏదైనా మన వాడుకలో అన్నీ థిన్నరే. సాయంకాలం ఇంటికి వచ్చేటప్పుడు చేతికంటిన సిరా వదిలించుకోవడానికో, సైకిలు గొలుసు శుభ్రం చేయడానికో కాస్త సీసాలో పోసుకొని రావడం అలవాటు. అందులో దొంగతనమూ లేదు, దురుద్దేశమూ లేదు. తెలియకపోవడమే ఉన్నది.

నీరు ఉప్పును, బెల్లాన్ని కరిగిస్తుంది. నూనె రంగును, లక్కను, రబ్బరును కరిగించలేదు. వాటిని కరిగించే ద్రవాలే ఈ ద్రావణులు. టోలీన్, ఎసిటోన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పెట్రోలు జాతికి చెందిన మరికొన్ని ద్రవాలు ఇందులో ముఖ్యమైనవి. అంగడిలో అమ్మే థిన్నరు వీటిలో కొన్నిటి మిశ్రమం. రంగు పూసిన తరువాత ద్రావణి గాలిలో కలిసిపోయి రంగు మాత్రం చెక్కపై నిలవాలి. అంటే త్వరగా ఆవిరైపోవడమే దాని పని. ఆ గుణంలోనే దాని ప్రమాదం కూడా ఉన్నది.

మండేది ద్రవం కాదు, ఆవిరి

ఈ మాట వినగానే చాలామంది నమ్మరు. పెట్రోలులో అగ్గిపుల్ల వేస్తే పెట్రోలే గదా మండుతున్నది అంటారు. నిజానికి మండుతున్నది ద్రవం పైన నిలిచిన ఆవిరి. ఆ వేడికి మరికొంత ద్రవం ఆవిరై మంటకు మేత అవుతుంది.

ద్రవం ఏ వేడి వద్ద అంటుకొనేంత ఆవిరిని విడుస్తుందో ఆ వేడిని ఫ్లాష్ పాయింటు అంటారు. నిప్పు చూపితే గుప్పుమనే వేడి అన్నమాట. పెట్రోలుకు ఇది సున్నా కంటే సుమారు 40 డిగ్రీలు కింద. ఎసిటోన్‌కు సున్నా కంటే 20 డిగ్రీలు కింద. టోలీన్‌కు 4 డిగ్రీలు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు 12 డిగ్రీలు. మార్గళి మాసపు తెల్లవారుజామున కూడా మన ఊళ్ళో ఇంత చలి ఉండదు. కాబట్టి ఈ ద్రవాలు సంవత్సరమంతా, పగలూ రాత్రీ, మూత తీసిన క్షణంలోనే అంటుకోవడానికి సిద్ధంగా ఉంటాయి. కిరోసిన్ సంగతి మరింత ఆలోచింపదగినది. దాని ఫ్లాష్ పాయింటు 35 డిగ్రీలకు పైన ఉండాలని మన దేశపు ప్రమాణం. అందుకే కిరోసిన్ నెమ్మదిగల నూనె అని పెద్దలు అంటారు. కాని మే నెల మధ్యాహ్నం విరుదునగరపు ఎండలో, రేకుల కప్పు కింద పెట్టిన డబ్బాలో ఆ నెమ్మది మిగలదు. చలిదేశపు పుస్తకంలో క్షేమం అని వ్రాసిన నూనె మన ఎండలో క్షేమం కాకపోవచ్చు.

రెండవ సంగతి, ఈ ఆవిరి గాలి కంటే బరువైనది. టోలీన్ ఆవిరి గాలికి మూడు రెట్లు, ఎసిటోన్ ఆవిరి రెండు రెట్లు. పొయ్యి మీది పొగ పైకి పోవడం చూసి మనం ఆవిరులన్నీ పైకి పోతాయనుకొంటాము. థిన్నరు ఆవిరి అలా పోదు. నీళ్ళ లాగా నేలపైనే పరుచుకొంటుంది, గడప దాటుతుంది, మెట్లు దిగుతుంది, గుంటలో నిలుస్తుంది. కంటికి మాత్రం కనబడదు.

నేను ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న రోజులలో మా విజ్ఞానశాస్త్ర ఉపన్యాసకులు ఒక ప్రయోగం చేసి చూపారు. మూరెడు పొడుగున్న రేకు తూమును ఏటవాలుగా నిలిపి, కింది కొసలో చిన్న కొవ్వొత్తి వెలిగించి పెట్టారు. పై కొసలో పెట్రోలుతో తడిపిన దూది ముక్కను ఉంచారు. దూదికీ కొవ్వొత్తికీ మధ్యన ఏమీ లేదు. మేము లోలోపల లెక్కపెట్టుకొంటున్నాము. పది అంకెలు కూడా దాటలేదు, కింది నుండి నీలిమంట ఒకటి తూము వెంట పైకి పరుగెత్తి దూదిని అంటుకొన్నది. వెనుక బెంచీలోని వారు కూడా లేచి నిలబడ్డారు. అప్పటి నుండి నాకు పెట్రోలు వాసన వస్తే మొదట నేల వైపు చూడడం అలవాటైంది. ఆ ప్రయోగాన్ని నేను ఏ తరగతిలోనూ చేయలేదు. మీరు కూడా ఇంట్లో చేయవద్దు.

కొంచెం థిన్నరుకు ఏమవుతుందిలే అనే వారి కోసం ఒక చిన్న లెక్క. ఒక లీటరు టోలీన్ పూర్తిగా ఆవిరైతే మన వేడిమికి సుమారు 230 లీటర్ల ఆవిరి అవుతుంది. గాలిలో ఆ ఆవిరి నూటికి ఒకటింబావు పాళ్ళ లోపు ఉన్నా చాలు, నిప్పు తగిలితే అంటుకొంటుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న గదిని తీసుకోండి. ఆవిరి మోకాలి ఎత్తు వరకు, అంటే అడుగున్నర దాకా పరుచుకొన్నదనుకొంటే అది 150 ఘనపుటడుగులు, సుమారు 4,250 లీటర్లు. దానిలో నూటికి 1.1 వంతు అంటే 47 లీటర్ల ఆవిరి. అందుకు కావలసిన ద్రవం ఒక లీటరులో అయిదవ వంతు మాత్రమే. ఒక పెద్ద కాఫీ గ్లాసెడు! తలుపులు మూసిన గదిలో ఆ గ్లాసు ఒలికితే గది నేలంతా నిప్పుకై ఎదురుచూస్తుంటుంది. పొయ్యి, ఊదుబత్తి, దీపం, బీడీ మాత్రమే కాదు, ఫ్రిజ్ తనంత తాను ఆన్ అయినప్పటి చిన్న మెరుపు, స్విచ్ వేసినప్పటి మెరుపు, నైలాన్ చీర రాపిడిలో పుట్టే చిటపట కూడా చాలు.

అచ్యుతాపురంలో జరిగినది

ఇది పల్లెటూరి అజ్ఞానం వలన మాత్రమే జరిగే ప్రమాదం కాదు. ఆంధ్రప్రదేశ్‌లోని అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలో ఎసెన్షియా అనే ఔషధ కర్మాగారం ఉన్నది. 2024 ఆగస్టు 21వ తేదీ మధ్యాహ్నం భోజనవేళ అక్కడ మిథైల్ టెర్షియరీ బ్యూటైల్ ఈథర్ అనే ద్రావణి కారింది. అది 55 డిగ్రీలకే మరిగే ద్రవం. దాని ఆవిరి గాలికి మూడు రెట్లు బరువు. పై అంతస్తులో కారిన ద్రవం కిందికి దిగి విద్యుత్ పరికరాల దగ్గరకు చేరి అంటుకొన్నట్లు అధికారులు తెలిపారు. పేలుడుకు గోడలు కూలాయి. పదిహేడు మంది మరణించారు, ముప్పై మందికి పైగా గాయపడ్డారు. చదువుకొన్న రసాయన శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు ఉన్న చోటే ఇది జరిగింది. ద్రవం కారిన చోటు ఒకటి, నిప్పు దొరికిన చోటు మరొకటి. మా ఉపన్యాసకుల రేకు తూములో జరిగినదే అక్కడ కట్టడమంత పెద్దదిగా జరిగింది.

మన వాకిళ్ళలో జరిగేది దీనికి చిన్న రూపం. కొన్నేళ్ళ క్రితం పొంగలి పండుగకు ముందు మా వీధిలోని ఒక ఇంట తలుపులకు రంగు వేస్తున్నారు. పని ముగిసిన తరువాత ఒక కుర్రవాడు కొబ్బరి చిప్పలో థిన్నరు పోసి పంచలో కూర్చొని కుంచెలు కడుగుతున్నాడు. పంచ ఆ చివరన తాటాకుల వంటపందిరి, అందులో తుమ్మకట్టెల పొయ్యి. రెండింటికీ మధ్య నాలుగు బారల దూరం. పొయ్యి వైపు నుండి మంట నేలబారున పాములా వచ్చిందని ఆ ఇంటి అవ్వ తరువాత చెప్పింది. కుర్రవాడు చిప్పను విసిరేశాడు. అవ్వ బిందెడు నీళ్ళు గుమ్మరించింది. థిన్నరు నీటిపై తేలి, నీరు పారిన వైపే మంట పారి, మూలనున్న మిరపకాయల గోనెను అంటుకొన్నది. పక్కింటి వారు కట్టుబడికి తెచ్చి పోసుకొన్న ఇసుక వాకిట్లో ఉండబట్టి దానిని చల్లి ఆర్పగలిగారు. కుర్రవాడి పాదం కాలింది. ఆ వేసవి అంతా చెప్పు వేసుకోలేకపోయాడు. మూడు రోజుల తరువాత అవ్వ నన్ను నిలిపి అడిగింది: “వాధ్యారయ్యా, నీళ్ళకు ఆరని నిప్పు ఉంటుందా?” నేను చెప్పవలసిన సమాధానం ఆమెకు ముందే తెలియవలసినది కదా అని నాకు సిగ్గు వేసింది. ఈ వ్యాసానికి మొదలు ఆ ప్రశ్నే.

వాడక తప్పనప్పుడు

థిన్నరును ఇంట్లోకి తేకపోవడం అన్నిటికంటే మేలు. పెట్రోలు, టోలీన్ వంటి ద్రవాలను అమ్మకానికి కాక సొంత వాడుకకైతే 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చునని 1934 నాటి పెట్రోలియం చట్టం చెప్తున్నది. చట్టం ఒప్పుకొన్నది గదా అని అంత ఉంచుకొనడం తెలివి కాదు. నిద్రించే ఇంట్లో అర లీటరైనా ఎక్కువే అని నా అభిప్రాయం. ఆ రోజు పనికి ఎంత కావాలో అంతే కొని, మిగిలితే వంటింటికీ పశువుల కొట్టానికీ దూరంగా, నీడన, పిల్లలకు అందని ఎత్తులో, అది వచ్చిన రేకు డబ్బాలోనే మూత బిగించి పెట్టాలి. డబ్బాపై ఎర్రటి వజ్రాకారపు గడిలో మంట బొమ్మ ఉంటే అది సులువుగా అంటుకొనే ద్రవమని గుర్తు. పుర్రె బొమ్మ ఉంటే విషమని గుర్తు. డబ్బాపై వ్రాత తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. పెద్దలకు చదవరాకపోతే బడికి పోయే పిల్ల చేత చదివించండి.

పని చేసేటప్పుడు ఆరుబయట, గాలి మన వీపు వైపు నుండి వీచేలా కూర్చోవాలి. ఇంట్లో చేయక తప్పకపోతే తలుపులూ కిటికీలూ తెరిచి, పొయ్యిలోని నిప్పును పూర్తిగా ఆర్పి, పూజగదిలోని దీపాన్ని కూడా కొండెక్కించి మొదలుపెట్టాలి. దేవుడు కోపించడు. వాసన వచ్చింది గదా అని ఫ్యాను స్విచ్ వేయడం చాలామంది చేసే తప్పు. ఆ స్విచ్చే నిప్పు కావచ్చు. కుంచె కడిగిన థిన్నరును పారబోయవద్దు. మూత పెట్టి రెండు రోజులు కదపకుండా ఉంచితే రంగు అడుగున దిగి పైన తేటగా తేరుకొంటుంది, మళ్ళీ పనికి వస్తుంది. కాలువలోనో కణ్మాయిలోనో పోస్తే నీళ్ళపై తేలి గొడ్లకూ చేపలకూ చేటు. తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలన పడేయరాదు. అవిసెనూనె కలిసిన రంగులు, అచ్చు సిరాలు అంటిన గుడ్డలు ముద్దగా ఉంటే లోలోపల వేడెక్కి వాటంతట అవే రాజుకొంటాయి. విడివిడిగా బయట ఆరవేసి, ఆ తరువాత పారవేయాలి.

చేతికంటిన రంగుకు థిన్నరు అక్కరలేదు. కొబ్బరినూనె రాసి పాత గుడ్డతో తుడిచి సబ్బుతో కడిగితే చాలు. థిన్నరు చర్మంలోని జిడ్డును కూడా కరిగించి పగుళ్ళు తెస్తుంది. అచ్చుశాలలో ఏళ్ళ తరబడి పనిచేసిన వారి వేళ్ళను చూడండి. మూసిన గదిలో దాని ఆవిరిని పీలిస్తే తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్లుండటం మొదటి సూచనలు. అవి కనబడితే పని ఆపి బయటికి రావాలి. రోజూ పీలిస్తే నరాలు దెబ్బతింటాయి. గర్భిణులు ఈ పనికి దూరంగా ఉండాలి. బడి పిల్లలలో జిగురు, థిన్నరు కావాలని పీల్చే చెడు అలవాటు కూడా ఉన్నది. పిల్లవాడి చొక్కాకు తరచు ఆ వాసన వస్తుంటే కొట్టకుండా అడగండి, మా వంటి వారికి చెప్పండి.

సీసా సంగతి వేరుగా చెప్పాలి. నీళ్ళ సీసాలో, కలరు సోడా సీసాలో థిన్నరు పోయడం ఎంత మాత్రమూ పనికిరాదు. దాహంతో వచ్చిన పిల్లవాడికి సీసా ఆకారమే తెలుసు. పొరపాటున తాగితే వేలు పెట్టి కక్కించరాదు. ఉప్పునీళ్ళు, పాలు, నూనె పోయరాదు. కక్కేటప్పుడు ఆ ద్రవం ఊపిరితిత్తులలోకి పోతే కడుపులో ఉన్నదానికంటే ఎక్కువ హాని చేస్తుంది. నోరు కడిగి, వెంటనే 108కి ఫోను చేసి, తాగిన సీసాను కూడా ఆసుపత్రికి తీసుకొని పోవాలి. అందులో ఏమున్నదో వైద్యునికి తెలియడం అవసరం. కొన్ని థిన్నర్లలో మిథనాల్ ఉంటుంది. 2024 జూన్‌లో కళ్ళకురిచిలో కల్తీసారా తాగిన అరవై మందికి పైగా చనిపోవడానికి కారణమైనది ఆ మిథనాలే. అది కూడా పరిశ్రమలలో వాడే ద్రావణియే. దాని మంట పట్టపగలు సరిగా కంటికి కనబడను కూడా కనబడదు.

ఇక డ్రమ్ముల మాట. మనది నీటి ఎద్దడి ఊరు. నీళ్ళు నిలవ చేసుకొనేందుకు పాత డ్రమ్ములు కొంటాము. రసాయనం నింపిన ప్లాస్టిక్ డ్రమ్మును ఎన్నిసార్లు కడిగినా తాగే నీళ్ళకు పనికిరాదు. ప్లాస్టిక్ ఆ ద్రవాన్ని పీల్చుకొని కొద్దికొద్దిగా నీళ్ళలోకి వదులుతుంది. ఇనుప డ్రమ్ము అయితే ఇంకొక ప్రమాదం. ఖాళీ డ్రమ్మును పైన కోసి తొట్టిగా చేయించడానికి వెల్డింగు షెడ్డుకు తీసుకొని వెళ్తారు. నిండు డ్రమ్ములో ఆవిరికి చోటు తక్కువ. ఖాళీ డ్రమ్ములో అడుగున మిగిలిన చెంచాడు థిన్నరు ఆవిరై లోపలి గాలితో కలిసి పేలుడుకు సరిగ్గా సరిపోయే పాళ్ళలో ఉండగలదు. కోత నిప్పురవ్వ తగిలితే డ్రమ్ము మూత బండరాయిలా ఎగురుతుంది. లోపల ఏముండినదో తెలియని డ్రమ్మును ఎంత చౌకగా వచ్చినా కొనవద్దు, కోయించవద్దు.

అంటుకొన్నప్పుడు

చిన్న గిన్నెలో అంటుకొంటే దానిని ఎత్తుకొని పరుగెత్తరాదు. పళ్ళెమో మూతో పక్కనుండి జరిపి మూస్తే గాలి అందక ఆరిపోతుంది. నేలపై అయితే పొడి ఇసుక, పొడి మన్ను. పొడి రసాయనం నింపిన చిన్న ఆర్పుడు సిలిండరు పనిచోట ఉండాలి. యజమానిని అడగడం తప్పు కాదు. నీళ్ళు పోయరాదు, కారణం అవ్వ కథలో చూశాము. మంట మనిషి ఎత్తు దాటితే ఆర్పే ప్రయత్నం మాని అందరూ బయటికి వచ్చి 101కి గాని 112కి గాని ఫోను చేయాలి. లోపల ఏ ద్రవం ఉన్నదో అగ్నిమాపక సిబ్బందికి మొదటి మాటలోనే చెప్పాలి.

బట్టలంటుకొన్నవాడు పరుగెత్తితే గాలికి మంట పెరుగుతుంది. పడుకోబెట్టి దొర్లించి మందపాటి నూలు దుప్పటితో కప్పాలి. తరువాత కాలిన చోట మామూలు చల్లని నీళ్ళను ఇరవై నిమిషాలు ధారగా పోయాలి. మంట మీద పోయరాని నీళ్ళు ఒంటి మీద తప్పక పోయవలసినవి. ఈ రెంటినీ కలగాపులగం చేసుకోవద్దు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీయాలి. చర్మానికి అతుక్కొన్న బట్టను లాగరాదు. ఐసుగడ్డ, పళ్ళపొడి ముద్ద, సిరా, ఇడ్లీ పిండి, పేడ ఏవీ పూయరాదు. ఉతికిన తెల్లని గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకొని పోవాలి. అరుప్పుకోటలో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది. విరుదునగరంలో 2022లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. ముఖం, చేతులు, కీళ్ళు కాలితే, లేదా మంట పొగ పీల్చి గొంతు బొంగురుపోతే, గాయం చిన్నదిగా కనబడినా ఆలస్యం చేయరాదు.

మొన్న ఆ అవ్వ ఇంటికి వెళ్ళాను. పంచలో ఓ మూల పాత రంగుడబ్బా నిండా పొడి ఇసుక, అందులో ఒక సత్తు గిన్నె. కుర్రవాడు ఇప్పుడు శివకాశిలో అచ్చుపనికి వెళ్తున్నాడు. చేతులకు కొబ్బరినూనె రాసుకొంటున్నాడు. సీసా ఏదిరా అని నేను అడగబోతుంటే అవ్వే చెప్పింది: “గడప లోపలికి రానీయను అయ్యా, వాకిట్లోనే ఒళ్ళంతా వాసన చూసి లోపలికి విడుస్తా.”